పేరు చెప్పి తీయండి

గుమ్మఘట్టకు పడమట, మైసూరు సరిహద్దు కనుచూపు మేరలో ఉన్న ఒక పల్లెలో చిన్నక్క అంటే ముందు గుర్తొచ్చేది ఆమె వడికిన నూలు. గొర్రె ఉన్నిని అంత సన్నగా, తెగకుండా వడికేవాళ్ళు ఆ చుట్టుపక్కల ఇంకెవరూ లేరు. కంబళ్ళు నేసేవాళ్ళు ఆమె నూలు కోసం వాకిట్లో కూర్చుని కాచుకొనేవాళ్ళు. రెండోది ఆమె నోరు. మనసులో ఉన్నది మనసులో దాచుకోవడం చిన్నక్కకు పుట్టుకతోనే రాలేదు. వానలు ఎగ్గొట్టిన ఏడు భర్త ఎర్రప్ప మందను తోలుకొని తుంగభద్ర నీళ్ళు పారే దిక్కుకు నెలల తరబడి వెళ్ళిపోయేవాడు. ఇల్లు, ఇద్దరు పిల్లలు, అత్త తిమ్మమ్మ, అన్నీ చిన్నక్క చేతిమీదే నడిచేవి.

ఆ చేతికే కష్టం వచ్చింది. అది పంతొమ్మిది వందల యాభై ఏడో సంవత్సరం. కుడి మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు, నొప్పి మొదలైంది. రోజంతా కదురు తిప్పితే నొప్పి రాదా అనుకొని ఆముదం రాసుకొంది. కొన్ని వారాలకు అక్కడ చిన్న ఉబ్బు కనిపించింది. తిమ్మమ్మ ఊళ్ళో ఒకాయనను పిలిపించి కాల్చిన ఇనపకడ్డీతో వాత పెట్టించింది. వాత మానింది కాని ఉబ్బు మానలేదు. శ్రావణం దాటేసరికి మణికట్టు మీద కోడిగుడ్డు అంటించినట్లు తయారైంది. ఒక పొద్దున బావి దగ్గర నీళ్ళ కడవ ఎత్తబోతే వేళ్ళు పట్టు వదిలేశాయి. కడవ బండమీద పడి పగిలింది. చిన్నక్క పెంకుల్ని చూడలేదు. తన చేతినే చూసుకుంటూ నిలబడింది.

గుమ్మఘట్టలో జమాల్ సాబ్ విరిగిన ఎముకలకు కట్టు కట్టేవాడు. చెట్టు మీద నుంచి పడ్డవాళ్ళు, బండి కింద పడ్డవాళ్ళు, ఎద్దు కుమ్మినవాళ్ళు అందరూ ఆయన దగ్గరికే పోయేవాళ్ళు. ఆయన చిన్నక్క చేతిని ఒళ్ళో పెట్టుకొని, కళ్ళు మూసుకొని, వేలికొసలతో మెల్లగా తడిమాడు. ఒకచోట కొంచెం నొక్కగానే లోపల ఎండిన చెనిక్కాయ తొక్క నలిగినట్లు చిటుక్కుమంది. ఆయన వెంటనే చెయ్యి తీసేశాడు.

"ఏమి సాబ్, కట్టు కట్టవా?" అంది చిన్నక్క.

"కట్టనమ్మా. ఇది విరిగింది కాదు, బెణికింది కాదు. లోపల్నుంచి పెరుగుతాండాది. నేను దీన్ని తోమితే నీకు చెరుపు చేసినోన్ని అయితా."

"మరి ఏమిటిదంటావు?"

"నాకు తెలీదు తల్లీ. తెలీదు కాబట్టే ముట్టుకోను. బళ్ళారిలో మిషను ఆస్పత్రి ఉండాది. ఆడ ఎముక ఫోటో తీస్తారు. ఈ పొద్దే పో, మా ఇంట్లో వాళ్ళకయినా ఇదే మాట చెప్తా."

ఆయన అంత ఖండితంగా చెప్పడం చూసి ఆమెకు మొదటిసారి భయం వేసింది. పిల్లల్ని అత్తకు అప్పజెప్పి, రాయదుర్గంలో రైలెక్కి బళ్ళారి చేరింది.

ఆస్పత్రిలో డాక్టరు దేవసహాయం అని, నంద్యాల వైపు మనిషి, శస్త్రచికిత్సలు చేసేవాడు. ఎక్స్‌రే తీయించి, ఆ నల్లటి రేకును కిటికీ వెలుగుకు పట్టి ఆమెకూ చూపించాడు. ముంజేతిలో రెండు ఎముకలు. ఒకటి నిటారుగా, తెల్లగా ఉంది. రెండోది మణికట్టు దగ్గరికి వచ్చేసరికి బుడగలాగా ఉబ్బింది. లోపల ఎముక ఉండాల్సిన చోట సబ్బు నురుగు లాంటిది ఉంది. చుట్టూ కాగితమంత పలచటి పొర మిగిలింది. రొమ్ముకు కూడా ఫోటో తీయించాడు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి.

ఆ వారం బయటి ఊరి నుంచి ఒక పెద్ద సర్జన్ ఆస్పత్రికి వచ్చి ఉన్నాడు. ఆయన రేకు చూసి, చేతిని చూసి, ఎంతో మర్యాదగానే చెప్పాడు. ఎముకలో గడ్డ పుట్టింది. ఇట్లాంటివి కొన్ని ప్రాణం తీస్తాయి. మోచేతి కింద చెయ్యి తీసేస్తే ఆ భయం ఉండదు. ఆలస్యం మంచిది కాదు.

చిన్నక్క మంచం మీద లేచి కూర్చుంది. "దీని పేరేమి సామీ?"

సర్జన్ దేవసహాయం వైపు చూశాడు. దేవసహాయం చెప్పాడు. "ఇంకా తెలియదమ్మా. ఎముకకు వచ్చే గడ్డలు చాలా రకాలు. ఫోటో చూస్తే మూడు నాలుగింటిలో ఏదైనా కావచ్చు."

"ఆ మూడు నాలుగింటికీ చెయ్యి తీసేదేనా?"

"లేదు. కొన్నింటికి అక్కర్లేదు."

"అట్లయితే ఏదని తెలుసుకోకుండా ఎట్ల తీస్తారయ్యా? నేను ఈ చేత్తోనే బతకాల. పేరు చెప్పి తీయండి. తీయాల్సిందే అంటే నేనే చాపుతా, ఏడవను కూడా ఏడవను."

పెద్ద సర్జన్ రేకును ఇంకోసారి వెలుగుకు పట్టి చూసి తలాడించాడు. "అడిగింది న్యాయమే. ముక్క తీసి చూడండి. అయితే త్వరగా" అన్నాడు.

మత్తు ఇచ్చి గడ్డలోంచి చిన్న ముక్క తీశారు. అది ఎస్తేరమ్మ దగ్గరికి పోయింది. డాక్టరు ఎస్తేరమ్మ రోగులకు మందులిచ్చే డాక్టరు కాదు. ఆస్పత్రి వెనకాల రెండు గదుల్లో, శరీరంలోంచి తీసిన ముక్కల్ని మందునీళ్ళలో నానబెట్టి, మైనంలో బిగించి, ఉల్లిపొర కంటే పలచగా కోసి, రంగు అద్ది సూక్ష్మదర్శినిలో చూసి జబ్బు ఏదో తేల్చడం ఆమె పని. వార్డులోకి ఆమె రావడం అరుదు. ఈసారి వచ్చింది. స్టూలు లాక్కుని చిన్నక్క పక్కన కూర్చొని ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. నీ వయసెంత? ఇంకెక్కడన్నా ఎముకలు నొప్పా? మూత్రంలో రాళ్ళు పడ్డాయా? దగ్గు? సాయంత్రం జ్వరం? ఇంట్లో ఎవరికన్నా క్షయ ఉందా?

"ముక్క చూస్తే తెల్దా అమ్మా, ఇన్ని అడుగుతాండావు?"

"ముక్క ఒక్కటే చూస్తే పొరపాటు పడతానమ్మా. ఏ ఎముక, ఎముకలో ఏ చోటు, ఎంత వయసు మనిషి, ఫోటోలో ఎట్లా ఉంది, ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. అన్నీ ఒకే మాట చెబితేనే నేను నోరు తెరుస్తాను."

ఆ జవాబు చిన్నక్కకు నచ్చింది. వాత పెట్టినాయన ఇట్లా ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

కబురు అందగానే ఎర్రప్ప మందను తమ్ముడికి అప్పగించి బళ్ళారికి వచ్చాడు. చేతికున్న కట్టు చూసి బెదిరిపోయాడు. "కోసినారంటనే? కత్తి తగిలితే పాకుతాదంట. ఇంటికి పోదాం పా."

"పోయి ఏమి చేయాల? ఈడ ఒకామె నా గడ్డ కోసం పొద్దుగూకులూ కండ్లు పోగొట్టుకుంటాండాది. ఆమె చెప్పిందాకా నేను కదల్ను. నువ్వు పోతే పో, గొర్రెలన్నా బాగుంటాయి."

ఎర్రప్ప పోలేదు. వరండాలో కంబళి పరుచుకొని అక్కడే ఉండిపోయాడు.

రక్తం కూడా పరీక్ష చేయించాక, ఒక మధ్యాహ్నం ఎస్తేరమ్మ చిన్నక్కను తన గదికి పిలిపించింది. "పేరు అడిగినావు కదా. నువ్వే చూద్దువు గాని రా" అని సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టింది. చిన్నక్కకు మొదట తన రెప్పలే కనిపించాయి. కన్ను సర్దుకున్నాక గులాబి రంగు నేల మీద ఊదా చుక్కలు గుంపులుగా తేలాయి. వాటి మధ్య అక్కడక్కడ పెద్దపెద్దవి, ఒక్కోదాని కడుపులో గంపలో రేగ్గింజలు పోసినట్లు చుక్కలు.

"ఈ పెద్దవేనా నన్ను తింటాండేది?"

"అందరూ వాటినే చూస్తారు. వాటిని చూసి పేరు పెట్టేస్తే తప్పుతాం. అట్లాంటి పెద్ద కణాలు క్షయలోనూ ఉంటాయి. మెడలో ఉండే ఒక గ్రంథి చెడి ఎముకలు కరిగినా ఉంటాయి. అందుకే రక్తం చూశాను, అందులో ఏమీ లేదు. అసలు చూడాల్సింది మధ్యలో ఉన్న చిన్నవాటిని. చూడు, అన్నీ ఒకే పోలికలో ఉన్నాయి. అడ్డదిడ్డంగా లేవు. తమంతట తాము ఎముకను పుట్టించడం లేదు. నీ వయసుకు, మణికట్టు దగ్గర ఎముక కొసన, ఆ నురుగు లాంటి ఫోటోతో ఇది ఒక్కదానికే సరిపోతుంది. దీన్ని జెయింట్ సెల్ ట్యూమర్ అంటారు. పెద్ద కణాల గడ్డ."

"చంపుతాదా?"

"ఉన్నచోట ఎముకను తింటుంది. కొంచెం మిగిల్చినా మళ్ళీ వస్తుంది. కాని ఒళ్ళంతా పాకడం చాలా అరుదు. పాడైన ఎముక మొత్తం తీసేస్తే చాలు. చెయ్యి తీయక్కర్లేదు."

తీస్తే ఏడవనని చెప్పిన చిన్నక్క తీయక్కర్లేదన్నాక ఏడ్చింది. ఎస్తేరమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి, ఆమె ఏడుపు అయ్యేదాకా నిలబడింది.

దేవసహాయం చెయ్యబోయేది విని ఎర్రప్ప వంగి తన పిక్కను తడుముకున్నాడు. మణికట్టు దగ్గర పాడైన ఎముక అంతా తీసేస్తారు. కాలి పిక్కలో రెండు ఎముకలు ఉంటాయి, బయటి వైపు సన్నది. దాని పైభాగం తీసినా నడక ఆగదు. దాన్ని తెచ్చి చేతిలో అతుకుతారు. చిన్నక్క మాత్రం నవ్వింది. "కాలెముక చేతికా? రేపొద్దున నా చెయ్యి లేసి నడుస్తాదేమో చూసుకో అయ్యా" అంది. నర్సులు చాలా రోజులు ఆ మాట చెప్పుకొని నవ్వారు.

నవ్వినంత సులువుగా గడవలేదు. ఆపరేషను అయ్యాక పాదం మీద కొన్నాళ్ళు తిమ్మిరి ఉండిపోయింది. చేతికి సిమెంటు కట్టు నెలల పాటు ఉంది. కట్టు విప్పిన రోజు చెయ్యి ఎండుకట్టెలా సన్నబడి, మణికట్టు బిగుసుకుపోయి ఉంది. కాని అతుకు పట్టింది. ఫోటోలో కాలెముక కొస చేతి ఎముకతో కలిసిపోయి కనిపించింది. వేళ్ళు కదిలాయి. మణికట్టు ఎప్పటికీ పూర్తిగా వంగదని దేవసహాయం ముందే చెప్పాడు. "వేళ్ళు ఆడతాండాయి కదా, చాలు" అంది చిన్నక్క.

ఇంటికి వచ్చి కదురు పట్టింది. మొదట నూలు తాడులాగా లావుగా వచ్చేది, లేకపోతే తెగిపోయేది. మణికట్టు తిప్పే చోట మోచెయ్యి తిప్పడం నేర్చుకుంది. కూర్చొనే తీరు మార్చుకుంది. పక్కింటి ఆడవాళ్ళు జాలిపడి తమ నూలు కొంత ఆమె బుట్టలో వేయబోతే, "మీ నూలు నా పేరుతో అమ్మి నా పేరు చెడగొడతారా?" అని కసిరింది. మళ్ళీ ఎండాకాలం వచ్చేసరికి కంబళ్ళు నేసేవాళ్ళు ఆమె వాకిట్లో కూర్చోవడం మొదలైంది. నూలు పాతంత సన్నం కాదు. గట్టిదనంలో మాత్రం తగ్గలేదు.

అప్పటి నుంచి ఆమె దగ్గరికి గడ్డలున్న మనుషులు రావడం మొదలైంది. మొదట వచ్చినవాడు కుళ్ళాయప్ప అనే ముసలాయన. వీపు మీద నిమ్మకాయంత గడ్డ. చిన్నక్క కథ విని, తనకూ అదేనని నిశ్చయించుకొని, అల్లుళ్ళందరినీ పిలిపించి కడసారి మాటలు చెప్పేశాడు. "తాతా, పేరు పెట్టేది మనం కాదు. పోదాం పా" అని చిన్నక్క ఆయన్ని రైలెక్కించింది. ఎస్తేరమ్మ దగ్గర తేలింది వట్టి కొవ్వు గడ్డ అని. ఊరికి తిరిగొచ్చిన ముసలాయనకు అల్లుళ్ళకు మొహం చూపించడం కష్టమైంది.

ఆ తర్వాత ఎందరో. మెడ మీద బిళ్ళలు కట్టినవాళ్ళు, మోకాలు ఉబ్బినవాళ్ళు. కొందరికి క్షయ అని తేలి మందులతో తగ్గింది. ఒకామెకు పాత దెబ్బ దగ్గర ఎముక పెరిగింది, దానికేమీ చేయక్కర్లేదన్నారు. చిన్నక్క ఎవరి గడ్డనూ నొక్కి చూడలేదు. ఇది మంచిది, ఇది చెడ్డది అని నోరుజారి కూడా అనలేదు. తోమొద్దు, వాత పెట్టొద్దు, పోదాం. ఇంతే ఆమె చెప్పేది. అప్పుడప్పుడు ఎర్రప్ప విసుక్కునేవాడు. "నువ్వేమన్నా డాక్టరువా?"

"డాక్టరు దగ్గరికి తోడు పోతాండా. ఆ పొద్దు వరండాలో నువ్వు నాకు తోడు ఉండ్లేదా?" అనేది.

అరవై రెండులో నాగన్న వచ్చాడు. మారెమ్మ ఒక్కగానొక్క కొడుకు. మారెమ్మ మొగుడు పోయాక కూలికి పోయి వాణ్ణి పెంచింది. వాడు చెనిక్కాయ బస్తాల బండి రాయదుర్గానికి తోలేవాడు. ఒడ్డూ పొడుగూ ఉన్న పిల్లోడు, మీసం అప్పుడే నల్లబడుతోంది. మోకాలి పైన తొడ ఉబ్బింది. పగలంతా ఓర్చుకున్నా పడుకుంటే నొప్పి నిద్రపోనివ్వడం లేదని చెప్పాడు. మారెమ్మ చిన్నక్క చెయ్యి పట్టుకొని, ఆ అతుకు మచ్చ మీద చెయ్యి రాసి, "నీకు నిలబెట్టినట్టే నా బిడ్డకూ నిలబెడతారు కదక్కా" అంది.

ఎస్తేరమ్మ ఈసారి కూడా అన్నీ పక్కపక్కన పెట్టి చూసింది. చివరికి చిన్నక్కను ఒక్కదాన్నే గదిలోకి పిలిచింది. ఇది వేరు అంది. ఈ కణాలు ఒక పోలికలో లేవు, పిచ్చిపట్టినట్లు పెరుగుతున్నాయి, తామే పచ్చి ఎముకను పుట్టిస్తున్నాయి. ఆస్టియో సార్కోమా. ఎముక కేన్సరు. రొమ్ము ఫోటోలో ఇప్పటికి ఏమీ లేదు. కాలు పైదాకా తీస్తే బతికే అవకాశం కొంత ఉంది. తీయకపోతే ఏమీ లేదు.

దేవసహాయం తల్లీకొడుకులకు చెప్పాడు. మారెమ్మ కొడుకు కాలిని రెండు చేతులా పట్టుకుంది. నాగన్న మాత్రం చిన్నక్క వైపు తిరిగాడు. "నీ చెయ్యి నిలబడ్లేదా అక్కా? నా కాలెందుకు తీస్తారు? దుడ్లు లేనోళ్ళమనా?"

ఆ మాటకు జవాబు డాక్టర్లు చెప్పొచ్చు. కాని వాడు అడిగింది తనను. చిన్నక్క వాడి మంచం మీద కూర్చుంది.

"దుడ్లు నాకు మాత్రం ఉండినాయా నాయనా? నాది వేరు జబ్బు, నీది వేరు జబ్బు. పైకి రెండూ వాపే. నాది ఉన్నకాడే కూచొని తినేది. నీది కూచోదు. లేసి రొమ్ములోకి పోతాది. పోకముందే దాని దారి కొట్టేయాల. నాది గాని నీది లాంటిదే అయ్యుంటే నేను చెయ్యి చాపుతానని మాట ఇచ్చినా. నీకు అబద్ధం చెప్పి ఇంటికి పిల్చుకపోయేదానికి నేను నీతో రాలేదు."

"తీస్తే బతుకుతానా?"

"తెల్దు. వాళ్ళకీ తెల్దు. తీయకుంటే మాత్రం తెలుసు."

నాగన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. సాయంత్రం వాడే నర్సును పిలిచి సరేనన్నాడు.

వాడు ఊరికి చంకకర్రలతో వచ్చాడు. నెల తిరగకముందే ఎద్దుల దగ్గరికి పోయాడు. కాడి మీద చెయ్యి వేసి, ఒంటికాలితో ఎగిరి బండి మీద కూర్చోవడం పడుతూ లేస్తూ నేర్చుకున్నాడు. మళ్ళీ రాయదుర్గానికి బస్తాలు తోలాడు. సంతలో జనం వాడు బండి దిగే తీరు చూడ్డానికి ఆగేవాళ్ళు. మరుసటి ఏడు కూడా గడిచింది. ఆ తర్వాత వానాకాలంలో దగ్గు మొదలైంది. ఫోటోలో ఊపిరితిత్తుల నిండా మచ్చలు. దీపావళికి ముందే వాడు పోయాడు.

మారెమ్మ చిన్నక్కతో మాట్లాడడం మానేసింది. ఎదురుపడితే దారి మార్చేది. "నీవల్ల నా బిడ్డ కుంటోడై చచ్చె" అని ఒకసారి బావి దగ్గర అందరి ముందూ అనేసింది. నోరున్న చిన్నక్క ఆ రోజు నోరు తెరవలేదు. నీళ్ళు తోడుకొని ఇంటికొచ్చి, "బిడ్డ పోయిన తల్లి. ఎవరినో ఒకరిని అనాల కదా, నన్ను అననీ" అంది అత్తతో. కొన్నాళ్ళు ఎవరినీ బళ్ళారికి పిల్చుకుపోలేదు. పోలేకపోయింది. ఎస్తేరమ్మ గది గుర్తొస్తే ఆమెకు నాగన్న గోడవైపు తిరిగిన వీపే కనిపించేది.

రెండేళ్ళ కరువు తర్వాత, అరవై ఆరులో, ఒక పొద్దున గుమ్మం ముందు మారెమ్మ నిలబడి ఉంది. వెంట మారెమ్మ పక్కింటి గురప్ప కోడలు రామాంజినమ్మ. ఆ పిల్ల చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి పాదం చూపించింది. మడమ పైన చిన్న ఉబ్బు.

"ఈ పిల్లకు ఇంట్లో వాత పెట్టాలంటాండారు" అంది మారెమ్మ, చిన్నక్క మొహం చూడకుండా. "నేను ఒప్పుకోలే. నాగన్నను ఇంగా ముందు పిల్చుకపోయింటే అని నాకు ఈ పొద్దుకీ ఉండాది. మూడు నెలలు ఆకుపసరు కట్టుకుంటా కూచొంటి. పో, నువ్వు పిల్చుకపో. నేనూ వస్తా."

ముగ్గురూ రైలెక్కారు. ఎస్తేరమ్మ జుట్టు నెరిసింది కాని మారెమ్మను గుర్తుపట్టింది. లేచి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. రామాంజినమ్మ పాదాన్ని దేవసహాయం చూసి, సూదితో లాగితే తేటగా, జిగటగా నీరు వచ్చింది. నరం పక్కన కట్టిన నీటితిత్తి, భయం లేదన్నాడు. ఆ పిల్ల ఒక్కసారిగా ఊపిరి వదిలి, వెంటనే ఆకలి అంది.

తిరుగు రైలులో మారెమ్మ కిటికీ పక్కన కూర్చుంది. చాలాసేపు బయట ఎర్రనేలల్ని చూసింది. తర్వాత తనంతట తానే నాగన్న గురించి మాట్లాడడం మొదలుపెట్టింది. ఒంటికాలితో వాడు బండి ఎక్కేటప్పుడు ఎడమెద్దు కదలకుండా నిలబడేదని, వాడు దానికి బెల్లం పెట్టేవాడని, వాడు పోయాక కూడా అది బండి కట్టేటప్పుడు కాసేపు అట్లాగే ఆగుతుందని చెప్పింది. చిన్నక్క వింటూ కూర్చుంది. రాయదుర్గం వచ్చేదాకా మారెమ్మ చెబుతూనే ఉంది.